మెట్రోలో నాటకం వేసి దొరికిపోయాం, ఆపేయాలా అక్కా?

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్ళు, మాది సత్తుపల్లి దగ్గర ఒక పల్లె. మూడేళ్ళ నుంచి కృష్ణానగర్‌లో నలుగురం ఒక రూమ్‌లో ఉంటున్నాం, పగలు ఆడిషన్లు, రాత్రి ఫుడ్ డెలివరీ. నాలుగు సినిమాల్లో గుంపులో నిలబడ్డా, ఒక వెబ్ సిరీస్‌లో ఒక డైలాగ్ వస్తే అది కూడా ఎడిటింగ్‌లో పోయింది. ఖాళీగా కూర్చోలేక ఐదుగురం, అందులో ఇద్దరు అమ్మాయిలు, ఎక్కడ పడితే అక్కడ నాటకాలు వేస్తున్నాం. పార్కు గేటు ముందు, బస్టాప్‌లో, ఒకసారి ఇరానీ హోటల్‌లో. చివర్లో జోలె పడితే మూడొందలో నాలుగొందలో వస్తాయి. పోయిన నెల మెట్రోలో నాటకం అని ఎవరికీ చెప్పకుండా మొగుడూ పెళ్ళాల గొడవ సీన్ చేశాం. నేను చెయ్యెత్తేసరికి ఒక పెద్దావిడ మధ్యలోకి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. తర్వాతి స్టేషన్‌లో మమ్మల్ని దింపి గంటసేపు కూర్చోబెట్టి వార్నింగ్ ఇచ్చి వదిలారు. ఎవరో తీసిన వీడియో మా నాన్న దాకా వెళ్ళింది, సినిమాలని పోయి రోడ్డు మీద అడుక్కుంటున్నావా అన్నాడు. రూమ్మేట్ ఏమో ఇలా రోడ్ల మీద కనిపిస్తే డైరెక్టర్లు లైట్ తీసుకుంటారు, విలువ పోతుంది అంటున్నాడు. ఆపేయాలా? ఆపకపోతే ఎక్కడ ఆడాలి, ఎలా ఆడాలి?

జవాబు: తమ్ముడూ, ఆపొద్దు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కింద కొంచెం గట్టిగానే మాట్లాడబోతున్నా, అది చదివి అక్క ఆపేయమంటోంది అనుకుంటావేమో అని.

మెట్రో సంగతితో మొదలుపెడతా. నీ ఉత్తరంలో ఆ పెద్దావిడ ఒక్క లైన్‌లో వచ్చి వెళ్ళిపోయింది, నాకు మాత్రం రెండ్రోజుల నుంచి ఆవిడే కళ్ళ ముందు ఉంది. బోగీ నిండా జనం, సగం మంది ఫోన్లు చూసుకుంటూ ఉంటారు, మిగతావాళ్ళు మనకెందుకులే అని అటు తిరిగి ఉంటారు, ఆవిడ ఒక్కతే లేచి వచ్చి కొట్టబోతున్న మగాడి చెయ్యి పట్టుకుంది. ఆ వయసులో, కదులుతున్న రైల్లో. ఎందుకు ఏడ్చిందో మనకి తెలీదు, తన ఇంట్లో ఏం చూసిందో, కూతురు గుర్తొచ్చిందో. ఆవిడకి అది సీన్ కాదు కదా, ఒక ఆడపిల్ల దెబ్బ తినబోతోంది, అంతే. మిమ్మల్ని దింపేశాక రైలు ఆవిడతో సహా వెళ్ళిపోయింది, అది నాటకం అని ఆవిడకి ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే ఆ రాత్రంతా ఆ పిల్ల ఏమైపోయిందో అనుకుంటూ పడుకుని ఉంటుంది. చెప్పి ఉంటే రేపు నిజంగా ఎవడో చెయ్యెత్తినప్పుడు ఇదీ నాటకమేమో అని కూర్చుండిపోతుంది. రెండిట్లో ఏది జరిగినా నష్టపోయింది ఆవిడే. అందుకే తప్పు అంటున్నా, మీరు దొరికారని కాదు.

ఈ పద్ధతి గురించి మీలో ఎవరో ఏదో వర్క్‌షాప్‌లో విని ఉంటారు, కనిపించని నాటకం అంటారు దాన్ని. బ్రెజిల్ దర్శకుడు ఆగస్టో బోల్ వల్ల దానికి పేరొచ్చింది. 1971లో అక్కడి సైనిక ప్రభుత్వం ఆయన్ని పట్టుకుని చిత్రహింసలు పెట్టింది, బయటికొచ్చి అర్జెంటీనా వెళ్ళిపోయాడు, అక్కడా బాహాటంగా ఆడితే మళ్ళీ లోపలేస్తారనే భయం, అందుకని నాటకం అని చెప్పకుండా ఆడారు. తర్వాత పెరూలోనూ అలాగే ఆడారు, ఒక హోటల్లో నటుడు కడుపునిండా తిని డబ్బుల్లేవు, పని చేసి తీరుస్తా, ఈ బిల్లుకి ఎన్ని గంటలు చెత్త మొయ్యాలి అని అడుగుతాడు, పక్క టేబుళ్ళ దగ్గర మామూలు కస్టమర్లలా కూర్చున్న మిగతా నటులు కూలి లెక్కలు కడతారు, చూస్తుండగానే హోటలంతా ఎవరి కూలి ఎంత అనే వాదనలోకి దిగుతుంది. చూశావా, అక్కడ జనం ఆలోచనలో పడ్డారు, భయపడలేదు. పైగా ఆయన దాచింది గత్యంతరం లేక. మీకు ఆ పరిస్థితి లేదు కదా, మరి మీరెందుకు దాచారు? నాకు అనిపించేది చెప్తా, తప్పైతే కోప్పడు. జనం నిజమని నమ్మేస్తే మనం మంచి నటులమే అని మీకు మీరు ఋజువు చేసుకోవాలనుకున్నారు. మూడేళ్ళు ఎవరూ సరిగ్గా చూడకపోతే ఎవరికైనా అలాగే ఉంటుంది, నాకు అర్థమవుతోంది, కానీ ఆ ఋజువుకి ఒక ముసలావిడ కన్నీళ్ళు వాడుకోకూడదు తమ్ముడూ.

ఇక నుంచి ఒక కట్టుబాటు పెట్టుకోండి, కొట్లాట, పిల్లలు తప్పిపోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం, దొంగతనం, ఇలాంటివి నాటకమని తెలియని జనం మధ్య ఆడొద్దు. మెట్రో జోలికైతే అసలే వెళ్ళొద్దు, 2002 మెట్రో రైల్వే చట్టం ప్రకారం ఆ ఆవరణలో ఏ రకమైన ప్రదర్శనా కుదరదు, ఈసారి వార్నింగ్‌తో పోయింది.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. ఆయన వయసు వాళ్ళు పల్లెల్లో పగటివేషగాళ్ళని చూసే ఉంటారు, ఈసారి ఇంటికెళ్ళినప్పుడు కూర్చోబెట్టి అడుగు. ఒకరోజు బుడబుక్కలవాడు, ఒకరోజు పఠాను, ఒకరోజు అర్ధనారీశ్వరుడు, చిన్న తెర అడ్డం పెట్టుకుని ఇటు తిరిగితే శివుడు అటు తిరిగితే పార్వతి. స్టేజీ లేదు, టికెట్ లేదు, పట్టపగలు నడివీధిలో, ఇంటి అరుగు ముందే ఆట. ఊళ్ళో కొన్నాళ్ళు ఆడి చివరి రోజున ఇల్లిల్లూ తిరిగి సంభావన తీసుకునేవాళ్ళు. చిందు భాగవతం వాళ్ళయినా, ఒగ్గు కథ వాళ్ళయినా జనం ఉన్న చోటికే వెళ్ళారు. సురభి వాళ్ళని తీసుకో, తోలుబొమ్మలాడించే కుటుంబం అది, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో బొమ్మలకి బదులు మనుషులే కీచక వధ ఆడారు, అక్కడి నుంచి ఎన్ని తరాలో, ఇప్పటికీ మన లింగంపల్లి దగ్గర ఆ కుటుంబాలు ఉన్నాయి. రవీంద్రభారతి తలుపులు తెరుచుకున్నది 1961లో. అంతకుముందు తెలుగువాడికి నాటకం ఎక్కడ దొరికిందో నాన్నగారికి నాకంటే బాగా తెలిసి ఉంటుంది. ఆడి చూపించాక జోలె పట్టడం అడుక్కోవడం కాదు. సిగ్గుపడి సరిగ్గా పట్టకపోతేనే చూసేవాళ్ళకి అడుక్కుంటున్నట్టు కనిపిస్తుంది, తల దించుకోకుండా పట్టండి, మా ఐదుగురి పేర్లు ఇవీ, మాకు వేరే ఆదాయం ఇదీ, నచ్చితే ఇవ్వండి నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పండి అని మాట్లాడి పట్టండి.

అయినా నాన్నగారి బాధ రోడ్డు గురించి కాదేమో అని నా అనుమానం. మూడేళ్ళయింది, కొడుక్కి 27 వచ్చాయి, రాత్రిళ్ళు బండి మీద తిరుగుతున్నాడు, ఆ భయం ఆ మాటగా బయటికొచ్చింది. దానికి పగటివేషాల చరిత్ర సమాధానం కాదు. ఇంకెన్నాళ్ళు ప్రయత్నిస్తావో, ఆ తర్వాత ఏం చేస్తావో ఒక లెక్క చెప్పు ఆయనకి, నిజమైన లెక్క. ఊరికే చూస్తా నాన్నా అనకు.

రూమ్మేట్ మాటకి కూడా రెండు ముక్కలు. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి వాళ్ళు ఊరూరా ఆడారు, సుంకర, వాసిరెడ్డి రాసిన మా భూమి నాటకానికి జనం ఎలా విరగబడ్డారో పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అల్లు రామలింగయ్య, మిక్కిలినేని అక్కడి నుంచి వచ్చినవాళ్ళే, ఆ మండలిని నడిపిన గరికపాటి రాజారావు తర్వాత 1953లో తీసిన పుట్టిల్లుతోనే జమున సినిమాల్లోకి వచ్చింది. కాబట్టి వీధిలో ఆడితే విలువ పోతుందనే మాట తప్పు. కానీ దీన్ని పట్టుకుని నువ్వు ఇంకో తప్పు చెయ్యకు, వీధిలో ఆడితే సినిమా వస్తుందని నమ్మకు. ఇవాళ కాస్టింగ్ వాళ్ళు సెల్ఫ్ టేపు, అంటే నిన్ను నువ్వే తీసి పంపే వీడియో చూస్తారు, నీ క్లోజప్ చూస్తారు, బస్టాప్ ముందు గొంతు చించుకున్న వీడియో వాళ్ళకి పనికిరాదు, పైగా నువ్వు ఓవర్ చేస్తావనే అభిప్రాయం కూడా రావచ్చు ఎందుకంటే వీధికి కావల్సిన నటన కెమెరాకి ఎక్కువైపోతుంది. ఆడిషన్ పని ఆడిషన్ పనిగా విడిగా చేసుకో. వీధి నాటకం వల్ల వచ్చేది వేరు, ఎదుటి మనిషి మొహం చూసి ఈ క్షణంలో వాడు నాతో ఉన్నాడా లేడా అనేది తెలిసిపోవడం, అది రూమ్‌లో అద్దం ముందు రాదు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు రాసిన మాటల్లో నన్ను గుచ్చింది, ఎక్కడ పడితే అక్కడ ఆడుతున్నాం అనే మాట. మీ కష్టమంతా అక్కడే ఉందనుకుంటా. ఒకే నాటకాన్ని పట్టుకుని పార్కు, బస్టాప్, హోటల్ తిరుగుతున్నారు, అంటే ఆ చోటు మీకు ఖర్చు లేని స్టేజీ మాత్రమే. అలా అయితే నిజం స్టేజీ దానికంటే ఎప్పుడూ మెరుగే కదా.

నాకు ఈ పాఠం 1991లో భువనగిరి బస్టాండులో వచ్చింది. అక్షరాస్యత కళాజాతాలో తిరుగుతున్న రోజులు, చదువు గురించి నలభై నిమిషాల నాటకం మాది, బాగా రిహార్సల్ చేసింది. సగంలో ఉండగా బస్సొచ్చింది, జనంలో సగం మంది మూటలు ఎత్తుకుని పరిగెత్తారు. మాకు ఎంత కోపం వచ్చిందంటే మిగిలినవాళ్ళ మీద కేకలేసినట్టే ఆడాం ఆ మిగతా సగం. ఆ రాత్రి మా జట్టులో ఒకావిడ, ఊళ్ళో బడి పంతులమ్మ, ఒక మాట అంది, వాళ్ళు బస్సు కోసం వచ్చారు మనకోసం కాదు, మనమే వాళ్ళ బస్టాండుకి చుట్టాలుగా వచ్చాం అని. మర్నాడు నాటకం మొత్తం మార్చేశాం. ఒక ముసలమ్మ వేషం, అది నేనే, చేతిలో సంచితో బస్టాండులో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి నాయనా ఇది ఎక్కడికి పోయే బస్సు, బోర్డు చదివి చెప్పవా అని అడుగుతుంది. ముందు డప్పు కొట్టి నాటకమనే చెప్పాం, అయినా జనం చదివి చెప్పడం మొదలుపెట్టారు. కొంతమంది చదవలేక పక్కకి చూశారు. ఇంతలో నిజం బస్సు వచ్చింది, ఈసారి ఎవరూ పరిగెత్తే పని లేదు, ఆ బోర్డే మా నాటకం అయిపోయింది, ఒకాయన ఫుట్‌బోర్డు మీద నిలబడి అమ్మా ఇది నల్గొండ పోతది నీది కాదు అని అరిచాడు. ఇన్నేళ్ళయినా ఆ గొంతు నాకు గుర్తుంది. మొత్తం పన్నెండు నిమిషాలు పట్టింది, నలభై అక్కర్లేదు.

పెద్దవాళ్ళు చేసినవి చూసినా ఇదే కనిపిస్తుంది. ఢిల్లీలో సఫ్దర్ హష్మీ వాళ్ళ జన నాట్య మంచ్ 1978లో వేసిన మెషీన్ నాటకం పదమూడు నిమిషాలే. దాని వెనక ఉన్నది ఒక ఫ్యాక్టరీలో కార్మికులు అడిగిన రెండు చిన్న కోరికలు, సైకిళ్ళు పెట్టుకోవడానికి స్టాండు, టీ తాగడానికి క్యాంటీన్. దానికి కాల్పులు జరిగి ఆరుగురు పోయారు. ఆ నాటకం ఆడింది అలాంటి ఫ్యాక్టరీల్లో పనిచేసే మనుషుల ముందే. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కన ఝండాపూర్‌లో హల్లా బోల్ అనే ఇంకో నాటకం ఆడుతుండగా సఫ్దర్ మీద దాడి జరిగింది, మర్నాడు చనిపోయాడు, 4వ తేదీన ఆయన భార్య మలయశ్రీ, జట్టు అంతా అదే చోటికి వెళ్ళి ఆగిపోయిన నాటకాన్ని పూర్తిగా ఆడి వచ్చారు. వేరే చోట ఆడొచ్చు కదా అనిపించదు ఎవరికీ, ఆ నాటకం ఆ బస్తీ వాళ్ళకి బాకీ. స్పెయిన్‌లో మాడ్రిడ్‌లో 2009లో కొంతమంది కళాకారులు ఒకప్పుడు వేశ్యాగృహంగా నడిచి మూతపడ్డ ఇంటిని తీసుకుని, పదమూడు గదుల్లో ఒక్కో గదిలో పది నిమిషాల లోపు నాటకం, పదిమంది లోపు ప్రేక్షకులు, అలా ఆడారు. కథలన్నీ ఆ ఇంట్లో జరిగే వ్యాపారం గురించే. చోటు వాళ్ళకి కథ ఇచ్చింది.

మరి మీకు హైదరాబాద్‌లో ఏ చోటు? నేనైతే చిక్కడపల్లి వెళ్తా. సెంట్రల్ లైబ్రరీ దగ్గర సాయంత్రం టీ బండ్ల చుట్టూ నిలబడే పిల్లల్ని చూశావా, గ్రూప్స్ అని, కానిస్టేబుల్ అని, డీఎస్సీ అని ఏళ్ళ తరబడి చదువుతున్నవాళ్ళు. వాళ్ళు నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తారు, మీరు కో-డైరెక్టర్ ఫోన్ కోసం ఎదురుచూస్తారు. వాళ్ళకీ ఊళ్ళో నాన్న ఉన్నాడు, ఇంకెన్నాళ్ళురా అని అడుగుతున్నాడు. వాళ్ళకీ నెలాఖరుకి రూమ్ అద్దె. మీ ఐదుగురికంటే ఆ ఎదురుచూపు గురించి బాగా ఆడగలిగేవాళ్ళు ఎవరున్నారు ఈ ఊళ్ళో? మీ నాన్నగారు అన్న మాటతోనే నాటకం మొదలుపెట్టొచ్చు. ముందు నాలుగు సాయంత్రాలు ఊరికే వెళ్ళి టీ తాగండి, వాళ్ళతో మాట్లాడండి, ఏ టైమ్‌కి బ్రేక్ తీసుకుంటారో ఎంతసేపు నిలబడతారో చూడండి. నాటకం అంతకంటే రెండు నిమిషాలు తక్కువే ఉండాలి. పరీక్షలు దగ్గర పడ్డ రోజుల్లో మాత్రం వెళ్ళొద్దు.

రెండోది మీ రూమే. మాడ్రిడ్ దాకా ఎందుకు, కృష్ణానగర్‌లో నలుగురు పడుకునే గదిలో ఎనిమిది మందిని గోడకి ఆనించి కూర్చోబెట్టి పది నిమిషాలు ఆడండి, ఓనర్‌కి చెప్పి. గోడకి తగిలించిన ఆడిషన్ షర్టు ఒక్కటి చాలు నాటకం సామానుకి. లేబర్ అడ్డాల దగ్గర పొద్దున్నే ఆడదామనే ఆలోచన వస్తుంది, వద్దు, మేస్త్రీ వచ్చి పిలిచే టైమ్‌లో వాళ్ళ చూపు మీ మీద ఉంటే ఆ రోజు కూలి పోతుంది. ఇరానీ హోటల్ అయితే ఓనర్‌ని అడిగి, మధ్యాహ్నం రద్దీ తగ్గాక, ఐదుగురూ టీ కొనుక్కుని. నాటకం కొంచెం నిలదొక్కుకున్నాక బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో అడగండి, 2010 నుంచి చిన్న జట్లకి అదొక ఇల్లు లాంటిది.

ఆడే పద్ధతి గురించి నాకు తెలిసింది కొంత చెప్తా. వెనక గోడ ఉండేలా నిలబడండి, గొంతు గోడకి కొట్టుకుని ముందుకు వస్తుంది, ఖాళీ రోడ్డుకి వీపు పెడితే సగం మాటలు వెనక్కి పోతాయి. జనం ఫుట్‌పాత్ మీదే ఉండాలి, రోడ్డు మీదకి పొర్లితే ఆపేయండి, ఎంత బాగా నడుస్తున్నా సరే. హారన్ మోగినప్పుడు దాని మీద అరవకండి, అందరూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోండి, హారన్ ఆగాక మళ్ళీ అందుకోండి, జనానికి అది ఎంత నచ్చుతుందో చూడు. ముఖ్యమైన మాట రెండుసార్లు రావాలి, ఇద్దరి నోట. మేకప్ వద్దు, ఐదుగురికీ ఒకే రంగు చొక్కా, భుజం మీద ఒక తువ్వాలు చాలు, అదే కొంగు, అదే తలపాగా, అదే పసిపిల్ల. మధ్యలో వెళ్ళిపోయేవాడికి దారి ఇవ్వండి, వాడి మీద డైలాగ్ వెయ్యకండి.

పర్మిషన్ సంగతి బోరే కానీ చేయాల్సిందే. ఏ స్టేషన్ పరిధిలో ఆడుతున్నారో ఆ ఇన్‌స్పెక్టర్ పేరు మీద ఒక పేజీ లెటర్, తేదీ, టైమ్, ఎంతమంది, ఎన్ని నిమిషాలు, దేని గురించి, ఫోన్ నంబరు, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకుని జేబులో పెట్టుకోండి. అనుమతి రాకపోతే ఆ చోట ఆడకండి, ఎవరిదైనా కాంపౌండ్ అడగండి. పాత 144 సెక్షన్ 2024 జులై నుంచి కొత్త చట్టంలో 163 అయింది, అది పెట్టిన రోజుల్లో ఐదుగురు గుమిగూడినా కేసే, మీరే ఐదుగురు కాబట్టి చూసుకోండి. మైక్ అసలు వాడొద్దు, దానికి వేరే పర్మిషన్ కావాలి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఎలాగూ కుదరదు.

అమ్మాయిల గురించి నువ్వు ఒక్క ముక్కే రాశావు. ఆ ఇద్దరినీ విడిగా అడగండి, ఏ చోటు వాళ్ళకి ఇబ్బందిగా ఉందో, జనంలో ఎవడైనా చెయ్యి వేశాడా అని. అడగకపోతే చెప్పరు, నాటకం ఆగిపోతుందని ఊరుకుంటారు, మేము అలాగే ఊరుకున్నాం ఆ రోజుల్లో, ఊరుకోవడం తప్పని తర్వాత తెలిసింది. ప్రతి ఆటకీ ఒకరు వేషం లేకుండా జనం వెనక నిలబడాలి, వాళ్ళ పని చూస్తూ ఉండటమే. వాళ్ళకి నచ్చని చోటు ఐదుగురికీ నచ్చనట్టే. వీడియో తీసుకుంటే ప్రేక్షకుల మొహాలు అడక్కుండా పెట్టొద్దు. జోలె డబ్బులు ఆ రోజే అందరి ముందూ లెక్కపెట్టి ఐదు భాగాలు, ఒక నోట్‌బుక్‌లో రాయండి, స్నేహాలు వంద రూపాయల దగ్గర తెగడం చాలా చూశాను.

ఆ పెద్దావిడ ఏ స్టేషన్ దగ్గర ఎక్కిందో గుర్తుంటే అదే టైమ్‌కి రెండు మూడు రోజులు ఆ ప్లాట్‌ఫామ్ మీద నిలబడి చూడు. కనిపిస్తే క్షమించమని అడుగు, సీన్‌లో భార్యగా చేసిన అమ్మాయిని కూడా తీసుకెళ్ళు, ఆ పిల్ల బాగానే ఉందని ఆవిడ కళ్ళారా చూడాలి. కనిపించకపోవచ్చు, అయినా నిలబడు.

చిక్కడపల్లిలో ఎప్పుడు ఆడుతున్నారో రాయి, నేను వస్తా. జనాన్ని పిలవడానికి మీ దగ్గర డప్పు లేకపోతే నా దగ్గర ఆ కళాజాతా రోజులది ఒకటుంది, చర్మం ఇంకా బాగానే ఉంది, కొట్టే ముందు కాసేపు మంట చూపించి బిగించుకోవాలి, లేకపోతే మెత్తగా మోగుతుంది. వచ్చి తీసుకెళ్ళండి.